మార్చి 14: నేడు వినబడని ఒక పాటను గురించి

సంగీతాన్ని పంచాంగంగా మార్చి చదువుకొనే అలవాటు మనకు ఇటీవల అబ్బినది. ఏడాదిలోని ప్రతి తేదీకి ఒక గాయకుని జననాన్నో, ఒక పాట వెలువడిన సందర్భాన్నో జోడించి, దినానికొక పుటగా తిరగవేయడంలో ఒక వినోదం ఉన్నది, కాదనను. మార్చి 14వ తేదీ పుట తెరిస్తే అక్కడ పెద్ద పెద్ద పేర్లే కనబడతవి. 1804లో ఆ దినాన వియన్నా నగరంలో పెద్ద యోహాన్ స్ట్రౌస్ జన్మించినాడు. వాల్ట్జ్ అనే నృత్యసంగీతాన్ని నగర నగరానికి మోసుకొనిపోయినవాడాయన. 1933లో అదే దినాన షికాగోలో క్విన్సీ జోన్స్ జన్మించినాడు. 2024లో మరణించే నాటికి ఆయన చేయి పడని జనరంజక సంగీతశాఖ అమెరికాలో దాదాపు లేదు. ఇవి మనుష్యుల జననాలు. మనిషి పుట్టినాడా లేదా అనే విషయంలో సందేహానికి తావుండదు. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తేదీ వ్రాసిపెట్టి ఉంటవి.

1931లో ఇదే తేదీన బొంబాయిలో పుట్టినదని మనము చెప్పుకొనేది ఒక మనిషి కాదు, ఒక పాట. ఒక పాట అనుటకంటె ఒక పాటల జాతి అనడం సమంజసం. భారతీయ చలనచిత్రగీతం ఆ దినాన జన్మించినదని పుస్తకాలన్నీ వ్రాస్తున్నవి. ఈ మాటను నమ్మవచ్చునా, నమ్మితే ఏ అర్థంలో నమ్మవలెను అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచిన విషయం.

ముందు సంగతి చెప్పుకొందాము. ఆ దినం శనివారం. బొంబాయి గిర్గాంలోని మెజెస్టిక్ సినిమా హాలులో అర్దేషీర్ ఇరానీ తీసిన 'ఆలం ఆరా' మొదటిసారి ప్రదర్శింపబడినది. ఇంపీరియల్ ఫిలిం కంపెనీ చిత్రమిది. జోసెఫ్ డేవిడ్ అనే పార్సీ నాటకకర్త రచనను ఆధారం చేసుకొన్నది. జుబేదా నాయిక, మాస్టర్ విఠల్ నాయకుడు. పృథ్వీరాజ్ కపూర్ కూడ ఉన్నాడు. డెబ్బది ఎనిమిదిమంది మృతులు బ్రతికివచ్చినారనీ, వారు మాటలాడుట చూడుడనీ ప్రకటనపత్రాలలో అచ్చువేయించినారు. అంతవరకు తెరమీద పెదవులు కదిపి ఊరకుండిన మూకీ నటులను మృతులనుటలో వ్యాపారపు అతిశయోక్తి ఎంత ఉన్నదో, అంత కవిత్వమూ ఉన్నది. జనం విరగబడినారు. నాలుగణాల టికెట్టు నాలుగైదు రూపాయలకు చేతులు మారినదనీ, పోలీసులను పిలువవలసివచ్చినదనీ చెప్పుకొంటారు. చిత్రంలో ఏడు పాటలు. వాటిలో చరిత్రకెక్కినది ఒక్కటే: వజీర్ మహమ్మద్ ఖాన్ ఫకీరు వేషంలో పాడిన పాట. దేవుని పేరట భిక్ష అడుగుతున్నాడు ఫకీరు. అంతే దాని అర్థం.

ఇక్కడ విమర్శకునికి మొదటి చిక్కు వస్తున్నది. ఆ పాటను మనము వినలేము. 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటైనను మిగులలేదు. 2003లో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో అది కాలిపోయినదని ఒక వాడుక ఉన్నది; అది నిజం కాదు. 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఆ చిత్రం ఏనాడూ చేరలేదని, ఆ సంస్థను పెంచి పెద్దచేసిన పి. కె. నాయర్ గారే స్పష్టంగా చెప్పినారు. ఆ తరం చిత్రాలు నైట్రేటు ఫిలిం మీద ఉండేవి. అది అంటుకొంటే ఆరదు, నిలువచేస్తే క్రుళ్ళుతుంది, అమ్మితే అందులోని వెండికి ధర పలుకుతుంది. ఈ మూడు మార్గాలలో ఏదో ఒకదాన మన తొలి చిత్రాలలో చాలభాగం వెళ్ళిపోయినవి. మిగిలినవి కొన్ని ఛాయాచిత్రాలు, ప్రకటనపత్రాలు, జాబితాలలో ఏడు పాటల మొదటి మాటలు.

పాఠం లేనిచోట విమర్శ ఎట్లా సాధ్యం? తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 'ప్రబంధరత్నావళి'లో అలభ్యకావ్యాల పద్యాలను ఏరి కూర్చినారు. కావ్యం పోయినది, లక్షణగ్రంథంలోనో సంకలనంలోనో ఉదాహరణగా ఒకటి రెండు పద్యాలు నిలిచినవి. ఆ పద్యాలనుబట్టి ఆ కవి ఎట్టివాడో మన పండితులు ఊహించినారు. ఒక్కొక్కప్పుడు ఊహ హద్దు మీరినదికూడ. సినిమాపాట విషయంలో మనకు ఆ పద్యంపాటి ఆధారమైనను లేదు. అందుచేత ఫకీరు పాట గొప్పదా కాదా అని తీర్పు చెప్పుటకు ఎవరికీ అధికారం లేదు. గొప్పదని వ్రాసేవారు వినకుండ వ్రాస్తున్నారు. కాని అది ఏ పరిస్థితులలో పాడబడినదో మనకు బాగుగా తెలిసినది. ఆ పరిస్థితులే ఒక విధమైన పాఠం.

ఇరానీ గారు 'షోబోట్' అనే అమెరికన్ చిత్రాన్ని బొంబాయిలోనే చూచి టాకీ తీయవలెనని సంకల్పించినారు. తెప్పించిన శబ్దగ్రహణ యంత్రం టానార్ అనే ఏకఫలక పద్ధతిది: బొమ్మ పడే ఫిలిం మీదనే ధ్వనీ పడుతుంది. ఈ ఒక్క సాంకేతిక విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాను, ఎందుచేతనంటే చాలా సంగతులు దీనినుండే పుట్టినవి. ధ్వనిని తరువాత దిద్దుటకు వీలులేదు. వేరొకచోట పాడించి అతికించుటకు వీలులేదు. నటుడు కెమెరా ఎదుట ఏ క్షణాన నోరు తెరచినాడో ఆ క్షణాననే పాడవలెను. వాద్యగాండ్రు తెరకు కనబడకుండ, మైకుకు వినబడునట్లు, ఏ మూలనో కూర్చుండవలెను. హార్మోనియం, తబలా, వయొలిన్ అనే మూడు వాద్యాలతోనే పని గడిపినారని చెబుతారు. స్టూడియో ప్రక్కనే రైలుపట్టాలు. పగటివేళ చిత్రీకరణ సాగదు. రైళ్ళు మాటుమణిగిన అర్ధరాత్రి దాటిన తరువాత, మైకులను దాచి, ఊపిరి బిగబట్టి ఆ పాటలు పట్టినారు. నిద్రలేని కన్నులతో, రెండు రైళ్ళ నడుమ దొరికిన నిశ్శబ్దంలో పాడిన పాట అది.

నాయకుడు మాస్టర్ విఠల్ కథ ఇక్కడ చెప్పదగినది. మూకీలలో అతడు గొప్ప తార. వేరొక స్టూడియోతో ఉన్న ఒప్పందాన్ని విడిచి ఇంపీరియల్‌కు వచ్చినాడు, వ్యాజ్యం నడచినది, అతని పక్షాన వాదించినవాడు ముహమ్మదలీ జిన్నా. వ్యాజ్యం గెలిచినాడు. కాని హిందుస్తానీ పలుకుటలో అతడు వెనుకబడినవాడు. అంచేత టాకీలో నాయకునికి మాటలు తగ్గించి, మైకంలో ఉన్నవానివలె చూపించవలసివచ్చినదట. అంతటి న్యాయవాది గెలిపించిన ముఖాన్ని మైకు ఓడించినది. ముఖం వేరు, గొంతు వేరు అనే భేదం మన సినిమాలో మొదటిసారి కనబడినది ఇక్కడనే. తరువాత జరిగినదంతా ఈ బీజంలో ఉన్నది.

ఇక ఫకీరు పాట. కథలో ఆ ఫకీరు రాజుగారి ఇద్దరు రాణులలో ఎవరికి సంతానం కలుగునో చెప్పేవాడు. కథకు కావలసిన పాత్రయే. కాని నాకు ఎక్కువ ముఖ్యంగా తోచేది వేరు. యంత్రం మాటలాడుట చూడవచ్చిన జనానికి మొట్టమొదట వినిపించినది రాణిగారి పాట కాదు, గంధర్వుల పాట కాదు. వాకిట నిలిచి చేయిచాపినవాని పాట. ఆ గొంతు హాలులోని ప్రతివానికి అంతకుముందే పరిచితం. బొంబాయి వీథిలో ఫకీరు, మన పల్లెలో ధనుర్మాసపు హరిదాసు, బుడబుక్కలవాడు: ఇంటిలోపల ఉన్నవానిని పాటతో బయటికి రప్పించే విద్య వారిది. వినేవాడు శ్రోతగా కాదు, దాతగా సంబోధింపబడతాడు. ఈ ఎన్నికను ఎవరు చేసినారో, ఆలోచించి చేసినారో లేదో చెప్పలేము. నాటకంలో అట్లున్నది గనుక చేసి ఉండవచ్చును. ఐనను క్రొత్త యంత్రానికి ఇంతకంటె తగిన మొదటి పాట దొరకదు. క్రొత్తదనాన్ని చూచి బెదరినవాడు కూడ ఫకీరును చూచి బెదరడు.

పుట్టుక అనే మాటకు వస్తాను. ఆ పాటలో ఏది క్రొత్త? రాగం క్రొత్తది కాదు, భావం క్రొత్తది కాదు, హార్మోనియం అసలే కాదు. అర్ధశతాబ్దికి పైగా పార్సీ నాటకశాలలు దేశమంతటా తిరిగి, సంభాషణల నడుమ పాట, పాటల నడుమ సంభాషణ పేర్చే ఒక పద్ధతిని స్థిరపరచినవి. దానికి వెనుక లక్నోలో అమానత్ కవి పందొమ్మిదవ శతాబ్ది నడుమ రచించిన 'ఇందర్‌సభ' ఉన్నది. టాకీ వచ్చిన మరుసటి ఏటనే, 1932లో, మదన్ థియేటర్సువారు ఆ 'ఇందర్‌సభ'ను తెరకెక్కించినప్పుడు అందులో డెబ్బదికి అటు ఇటుగా పాటలున్నవి. 'ఆలం ఆరా' తరువాత కొలదినెలలకే వారు తీసిన 'శీరీన్ ఫర్హాద్'లో నలుబదికి పైగా ఉన్నవి. ఇవి చూచి నవ్వుట సులభం. చలనచిత్రానికి పాటలు తెచ్చి అతికించినారని పాశ్చాత్యపద్ధతి నెరిగిన విమర్శకులు చాలాకాలం ఎగతాళి చేసినారు. నిజానికి అతికించినది పాటలను కాదు, చలనచిత్రాన్ని. పాటల నాటకం అనే వృక్షం ముందే ఉన్నది. దానికి యంత్రమనే క్రొత్త అంటు కట్టినారు. కాబట్టి 1931 మార్చి 14ను జన్మదినమనుటకంటె ఇల్లు మారిన దినమనుట నిజానికి దగ్గర.

ఇల్లు మారినప్పుడు కొన్ని వస్తువులు పాతయింటిలోనే ఉండిపోతవి. నాటకశాలలో ఉండి సినిమాహాలుకు రానిది ఒకటున్నది: 'వన్స్ మోర్'. మన తెలుగు రంగస్థలంమీద పద్యం నచ్చినదంటే ప్రేక్షకుడు దానిని మరల పాడించుకొనేవాడు. పడిపోయిన పాత్ర లేచి పాడి మరల పడిపోయేది. దీనిని అనౌచిత్యమని నాటకవిమర్శకులు నిందించినారు. వారి నింద న్యాయమైనదే. కాని ఆ కేకలో ఒక అధికారం ఉండెను. పాటకు, వినేవానికి నడుమ బేరం అప్పటికప్పుడు జరిగేది. నటుడు రెండవసారి పాడినప్పుడు రాగాన్ని మరికొంత సాగదీసేవాడు, ఒక సంగతి మార్చేవాడు. తెరమీద ఫకీరును ఎంత పిలిచినను మరల పాడడు. పాడినా రేపటి ఆటలో, అణుమాత్రం మార్పులేకుండ పాడతాడు. రాత్రి మూడుగంటలకు రైలు రాకముందు ఎట్లు పాడినాడో అట్లే. ప్రేక్షకునికి ఈ నష్టం జరిగినదని ఆనాడెవరూ విచారించినట్లు కనబడదు. అతడు దానికి బదులు వెతుక్కొన్నాడు: మరల టికెట్టు కొన్నాడు, హాలు వాకిట అమ్మే పాటల పుస్తకం కొన్నాడు, ఇంటికి వెళ్ళి తానే పాడుకొన్నాడు. సినిమాపాట జనుల నోట నిలుచుటకు ఈ నష్టమే కారణమని నా అభిప్రాయం. రంగస్థలపద్యాన్ని జనం నటునిచేత పాడించుకొన్నారు. సినిమాపాటను తామే పాడుకొనవలసివచ్చినది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె ఎక్కువ కలవరపెట్టే విషయం పేరును గురించినది. దానికి మరికొంత వెనుకకు పోవలెను. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మనదేశపు పాటలను మొదటిసారి ప్లేట్లకెక్కించినాడు. అప్పుడు పాడినవారిలో ప్రసిద్ధురాలు గౌహర్ జాన్. మూడు నిమిషాలలో ఖయాలునో ఠుమ్రీనో ముగించి, చివర బిగ్గరగా ఇంగ్లీషులో తన పేరు చెప్పుకొనేది. ప్లేట్లు హనోవరులో తయారయ్యేవి గనుక, అక్కడి పనివారికి ఇది ఎవరి పాటయో తెలియుటకై అట్లు చెప్పించేవారని అంటారు. కారణం ఏదైనను, ఫలితం అపూర్వం. అప్పటివరకు మహఫిలుకు వచ్చినవారికి తప్ప ఇతరులకు వినబడని ఒక స్త్రీ గొంతు, పాట ముగియగానే తన పేరు తానే దేశానికి ప్రకటించుకొన్నది. ఆ పలుకులో కొంత గర్వమున్నది, కొంత తొందరయున్నది. నేటికీ ఆ రికార్డులు వినవచ్చును. నాకు పాటకంటె ఆ చివరిపలుకే ఎక్కువసేపు చెవిలో నిలుస్తుంది. ఆమె 1930 జనవరిలో మైసూరులో మరణించినది. టాకీ రావడానికి అప్పటికి పదునాలుగు నెలలు.

1931లో వజీర్ మహమ్మద్ ఖాన్ తన పేరు చెప్పుకొననవసరం లేదు. ముఖం కనబడుతున్నది, గొంతు ఆ ముఖంలోనుండే వస్తున్నది. యంత్రపు అశక్తత వలన ఏర్పడినదైనను, ఇది ఒక విధమైన న్యాయం. పాడినవాడే పాత్ర, పాత్రే గాయకుడు. నాలుగేండ్లు గడచినవి. 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారి 'భాగ్యచక్ర', దాని హిందీరూపమైన 'ధూప్ ఛావ్' చిత్రాలలో నితిన్ బోసు, రాయ్‌చంద్ బోరాల్ ప్రభృతులు పాటను ముందుగా వేరుగా పట్టి, నటులచేత పెదవులు కదిలించినారు. నేపథ్యగానం వచ్చినది. ఇది కళకు లాభమా, నష్టమా? లాభం స్పష్టం. విఠలువంటివానికి ఇక భయం లేదు; పాడలేని నటి నటింపవచ్చును, నటింపలేని గాయని పాడవచ్చును. లతా మంగేష్కర్, ఘంటసాల వంటి గొంతులు దేశానికి దక్కినవి. రెండు విద్యలూ ఒకే శరీరంలో ఉండవలెననే నిబంధన కొనసాగి ఉంటే మనము ఎందరిని కోల్పోయి ఉందుమో ఊహించుటకే కష్టం.

నష్టం మెల్లగా తెలిసివచ్చినది. 1949లో 'మహల్' చిత్రపు ప్రసిద్ధగీతం గ్రామఫోను ప్లేటుగా వెలువడినప్పుడు, దానిమీద గాయని పేరు లేదు. కామిని అని పాత్ర పేరున్నది. ఆ కామిని లతా మంగేష్కర్. రేడియోలో విని మోహితులైన జనం ఈ గొంతు ఎవరిదని అడిగితే తప్ప పేరు బయటపడలేదు. నలుబదియేడేండ్ల క్రితం గౌహర్ జాన్ కంఠమెత్తి చెప్పుకొన్న పేరును, ఇప్పుడు ఒక కల్పితపాత్ర మ్రింగినది. తరువాత గాయకులు పట్టుబట్టి తమ పేర్లు వేయించుకొన్నారు. 1959లో ఫిలింఫేర్ వారు నేపథ్యగానానికి ప్రత్యేకబహుమతి ఏర్పరచినారు, అదికూడ లతాగారి పట్టుదల వలననే. గాయకుని కథ ఆ విధంగా సుఖాంతమైనది. పాట వ్రాసినవాని కథ కాలేదు. 'ఆలం ఆరా'కు సంగీతం కూర్చినవానిగా ఫిరోజ్‌షా మిస్త్రీ పేరు చెబుతారు; పాటలు కట్టిన కవి పేరు వినబడదు. మొదటి సినిమాపాట అనామకరచన. జానపదగేయం అనామకమైతే అది జాతి సంపద అంటాము. సినిమాపాట అనామకమైతే అది కంపెనీ సంపద. ఈ రెండు అనామకత్వాలకు గల తారతమ్యాన్ని మన సాహిత్యచరిత్రకారులు ఇంకను పట్టించుకొనలేదు. సినిమాపాటను కావ్యవిచారణకు తగదని ప్రక్కన పెట్టినవారే, దాని కవిని మరచుటలో కంపెనీకి తోడ్పడినారు.

తేదీలో మరొక విచిత్రమున్నది. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒప్పందం జరిగినది. మార్చి 23న భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవులను లాహోరులో ఉరితీసినారు. 'ఆలం ఆరా' విడుదల సరిగా ఆ రెంటి నడుమ పడినది: ఒప్పందానికి తొమ్మిది దినాల తరువాత, ఉరికి తొమ్మిది దినాల ముందు. మెజెస్టిక్ వాకిట టికెట్లకై త్రోసుకొన్న జనమే ఆ వారాలలో పత్రికలలో ఈ రెండు వార్తలను చదివినది. చిత్రంలో దీని నీడ లేదు; రాజు, రాణులు, ఫకీరు, సేనాపతి. దీనిని తప్పుగా ఎత్తిచూపుట నా ఉద్దేశం కాదు. ఐతే జనరంజకగీతం దేశచరిత్రకు ఎప్పుడూ చెవిటిదై ఉన్నదనే వాదం తరచు వినబడుతున్నది గనుక, అది ఎంతవరకు నిలుచునో చూడవలెను.

ఏడున్నర నెలలు గడచినవి. అదే ఇరానీ గారు, అదే స్టూడియోలో, హెచ్. ఎం. రెడ్డి గారి దర్శకత్వాన 'కాళిదాస్' తీయించినారు. టి. పి. రాజలక్ష్మి తమిళంలో మాటలాడినది. ఇతరులు తెలుగులో పలికినారు. త్యాగరాజ కృతులు పాడినారు. కాళిదాసు కథకు సంబంధమేమీ లేకుండ, మదురై భాస్కరదాస్ రచించిన గాంధీగారి రాట్నపు పాట ఒకటి అందులో చోటుచేసుకొన్నది! ఔచిత్యం పాటించే ఆలంకారికుడు దీనిని చూచి చెవులు మూసుకొనవలెను. ప్రజలు మాత్రం చెవులు విప్పుకొన్నారు. చిత్రకథ ఎంత పాతదైనను పాట మాత్రం నిన్నటి వార్తను మోయగలదని ఆనాడే రుజువైనది. పాట కథకు కట్టుబడి ఉండకపోవడమనే దోషమే ఇక్కడ గుణమైనది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'మాలపిల్ల' బసవరాజు అప్పారావు గారి గేయాలను తెరకెక్కించినది. కవి అప్పటికి జీవించి లేడు. మరుసటి ఏటి 'రైతుబిడ్డ'లో కొసరాజు గారి పాటలు జమీందారులకు గిట్టనివైనవి. 1943లో 'కిస్మత్' చిత్రానికి ప్రదీప్ వ్రాసిన పాట పరాయివారిని తొలగిపొమ్మన్నది. పరాయివారంటే జర్మనులూ జపానువారూ అని సెన్సారుకు నచ్చచెప్పి బయటపడినారు. ఇన్ని సాక్ష్యాలున్నప్పుడు చెవిటితనపు వాదం నిలువదు. మొదటి చిత్రం మౌనంగా ఉన్నమాట మాత్రం నిజమే.

స్వాతంత్ర్యం తరువాత ఆకాశవాణి ఈ పాటను చిన్నచూపు చూచి దూరముంచినదనీ, 1952 చివర రేడియో సిలోన్ బినాకా గీత్‌మాలాతో దానిని అక్కున చేర్చుకొన్నదనీ, 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభంతో ఆకాశవాణి మెత్తబడినదనీ అందరికీ తెలిసినదే. దానిని ఇక్కడ పొడిగించను.

తెలుగువారికి సంబంధించిన ఒక తేదీ తగవున్నది. దానిని చెప్పకుండ ఈ విచారణ పూర్తికాదు. పూర్తిగా తెలుగులో మాటలాడిన మొదటి చిత్రం 'భక్తప్రహ్లాద'. దర్శకుడు ఆ హెచ్. ఎం. రెడ్డి గారే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దీనికి మూలం. సురభి నటీనటుల బలం. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడునుండి బొంబాయికి పారిపోయి వచ్చిన ఎల్. వి. ప్రసాద్ 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్తప్రహ్లాద' మూడింటిలోనూ చిన్న వేషాలు వేసినాడు. మూడు భాషల తొలి టాకీలను ఒకే మనిషి కలుపుతున్నాడు.

ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దాలపాటు వ్రాసుకొన్నాము, ఉత్సవాలు జరుపుకొన్నాము. ఆ తేదీ నిజమైతే 'భక్తప్రహ్లాద' 'కాళిదాస్'కంటె ముందరిది కావలెను. దక్షిణాదిన మొదటి టాకీ తెలుగువారిది కావలెను. ఈ ఆశయే తప్పును పోషించినదని నా అనుమానం. రెంటాల జయదేవ గారు పాత పత్రికలను, సెన్సారు వివరాలను శ్రమపడి పరిశోధించి, చిత్రానికి సెన్సారు అనుమతి 1932 జనవరిలో గాని రాలేదనీ, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న మొదటి ప్రదర్శన జరిగినదనీ నిరూపించినారు. నేడు తెలుగు సినిమా దినమని జరుపుకొనేది ఫిబ్రవరి 6ననే.

ఈ విషయంలో నేను చేర్చగలిగినది ఒక చిన్న లెక్క. 'ఆలం ఆరా' విడుదలైన 1931 మార్చి 14 శనివారమని మొదట చెప్పినాను. 'కాళిదాస్' మద్రాసులో విడుదలైన 1931 అక్టోబరు 31 కూడ శనివారమే. 1932 ఫిబ్రవరి 6 శనివారం. మనము ఇంతకాలం పట్టుకొని వ్రేలాడిన 1931 సెప్టెంబరు 15 మంగళవారం. వారం ఒక్కటే రుజువు కాదు; జయదేవ గారి సాక్ష్యాలముందు దీనికి విలువ స్వల్పం. ఐనను ఆ మంగళవారాన్ని క్యాలెండరులో చూచుకొనియుంటే, ఉత్సవాలు జరిపినవారిలో ఒకరికైనను ఏనాడో సందేహం కలిగియుండవలసినది.

'భక్తప్రహ్లాద' ప్రతికూడ నేడు లేదు. కాని ఈ చిత్రం విషయంలో 'ఆలం ఆరా'కు లేని భాగ్యం ఒకటి మనకున్నది. ఇందులో పాటలు వ్రాసినవాని పేరు నిలిచినది. ఖమ్మం ప్రాంతపు హరికథకుడు, కవి చందాల కేశవదాసు గారాయన. భిక్ష అడిగిన ఫకీరు మాటలు ఎవరు వ్రాసినారో హిందీవారు చెప్పలేరు. హిరణ్యకశిపుని ఇంట హరినామం పాడిన పిల్లవాని మాటలు ఎవరివో మనము చెప్పగలము.